గొర్రె కూడా పండని నేల

కొత్తగా ఉద్యోగంలో చేరిన పీడీలు, పీఈటీలు అప్పుడప్పుడు నకిరేకల్‌లో మా ఇంటికి వస్తుంటారు. టీ తాగుతూ వాళ్ళు అడిగేవి ఇంచుమించు ఒకే రకం ప్రశ్నలు. ఏ బంతి ఎక్కువ రోజులు మన్నుతుంది, నెట్ ఎక్కడ కొనాలి, పొడుగు పిల్లల్ని ఎట్లా పట్టుకోవాలి. నేల గురించి మాత్రం ఒక్కరూ అడగరు. వాళ్ళను తప్పు పట్టను. డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌గా ముప్పై ఏళ్ళు విజిల్ ఊదిన నేనే సర్వీసులో ఇరవై నాలుగేళ్ళు గడిచేదాకా ఆ మాట తలుచుకోలేదు.

నా ఇంక్రిమెంట్లు, బదిలీలు, ఆఫీసు ఫైళ్ళు మీకెందుకూ పనికిరావు. గెలిచిన కప్పులు కాలేజీ బీరువాలో ఉన్నాయి, దాని తాళంచెవి పోయిందని విన్నాను. పోతే పోయింది. రాయదగినది ఒక ఎండాకాలం క్యాంపు, అందులో నేను చేసిన ఒక తప్పు. దాన్ని దిద్దుకోవడంలో నేను నేర్చుకున్నదే ఈ వృత్తి గురించి నాకు తెలిసినదంతా.

మోకాళ్ళ తనిఖీ

నాకు ఆట నేర్పిన గురువు చాలా మంచివాడు. మూడేళ్ళలో ఒక్క రోజు కూడా మా కంటే ఆలస్యంగా గ్రౌండ్‌కు రాలేదు. పొద్దున్నే మమ్మల్ని వరసలో నిలబెట్టి మోకాళ్ళు, మోచేతులు చూసేవాడు. పుండ్లు ఉన్నవాడి భుజం తట్టేవాడు. లేనివాణ్ణి గ్రౌండ్ చుట్టూ పది రౌండ్లు తిప్పేవాడు. "తోలు పోకుండా ఆట రాదురా" అనేది ఆయన మాట.

నా రెండు మోచేతుల మీద ఆ మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. చాలాకాలం డిగ్రీ పట్టా కంటే వాటినే ఎక్కువ గర్వంగా చూపించుకున్నాను. మనం పడ్డ కష్టాన్నే పాఠం అనుకుని పిల్లల నెత్తిన రుద్దడం మా వృత్తికి పట్టిన పెద్ద జబ్బు. మా గురువుకు ఆ జబ్బు ఆయన గురువు నుంచి వచ్చి ఉంటుంది. నాకు ఆయన నుంచి వచ్చింది. ఎవరో ఒకరి దగ్గర అది ఆగాలి.

ఎవని జాగా వానిదే

రాష్ట్రం వచ్చిన తర్వాత రెండో ఎండాకాలం. కాలేజీలకు సెలవులు. ప్రతిసారీ పట్టణంలోనే ఎందుకు, ఈసారి ఊళ్ళో పెడదామని, కట్టంగూర్ పక్కన ఒక ఊరి హైస్కూల్ గ్రౌండ్‌లో నెల రోజుల వాలీబాల్ క్యాంపు మొదలుపెట్టాం. నాతోపాటు నేర్పడానికి పాలమూరు నుంచి ఒక కాలేజీ కోచ్ వచ్చింది. పేరు జయశ్రీ. నాకంటే పదిహేనేళ్ళు చిన్నది. నన్ను 'అన్నా' అంటుంది, నేను తప్పు చేస్తే అన్నా అని కూడా అనకుండా కడిగేస్తుంది. పిల్లలు నలభై రెండు మంది వచ్చారు, అందులో పదిహేను మంది ఆడపిల్లలు.

మా వైపు ఊళ్ళకు వాలీబాల్ కొత్తేమీ కాదు. పొద్దు వాలితే ఏదో ఒక ఖాళీ జాగాలో రెండు గుంజలు, ఒక నెట్ కనిపిస్తాయి. అయితే ఆ ఆటలో స్థానాలు మారడం ఉండదు. నెట్ దగ్గర షాట్ కొట్టేవాడు పెళ్ళయి, పిల్లలు పుట్టి, బట్టతల వచ్చేదాకా నెట్ దగ్గరే ఉంటాడు. మొదటి రోజు జయశ్రీ పిల్లలకు రొటేషన్ చెబుతుంటే, చూడడానికి వచ్చిన ఊరి పాత ఆటగాడొకాయన అడ్డం తగిలాడు.

"మేడం, మా తాన ఎవని జాగా వానిదే. జాగలు మారితే లొల్లయితది."

"లొల్లి కావాల్ననే మారుస్తున్న పెద్దయ్యా," అంది జయశ్రీ.

ఆ ఆడపిల్లల్లో రేణుక అనే పిల్ల ఉంది. పదో తరగతి పరీక్షలు రాసింది. పొడుగేమీ కాదు, చెయ్యి ఊపు కూడా మామూలే. కానీ అవతలి నుంచి సర్వీస్ రాకముందే బంతి పడే చోటికి చేరిపోయేది. ఎట్లా తెలుస్తున్నదని అడిగాను.

"కొట్టేటోళ్ళ భుజం ముందే తిరుగుతది సార్. గొర్రె గూడ అంతే. ఎటు పోవాల్నో అటు ముందు మెడ తిప్పుతది."

వాళ్ళది గొర్లకాపరుల కుటుంబం. నాయిన మల్లేశానికి నూటికి పైగా జీవాలున్నాయి. ఎండలు ముదిరి గడ్డి అయిపోతే మందను తోలుకుని అమ్మా నాయినా కృష్ణా నది దిక్కు కదులుతారు. క్యాంపు ముగిసిన మూడో రోజు స్పోర్ట్స్ హాస్టల్‌కు ఆడపిల్లల ఎంపిక ఉంది. అందులో సీటు వస్తే ఉండడానికి చోటు, ఇంటర్ చదువు రెండూ దొరుకుతాయి. రాకపోతే రేణుక మంద వెంట పోవాలి. ఇంట్లో ఒంటరిగా ఉండి చదువుకునే వీలు లేదు. "సీటొస్తే సదువు, రాకుంటే మంద అన్నడు మేడం మా బాపు," అని ఆ పిల్లే జయశ్రీకి చెప్పింది. ఏడవకుండా, లెక్క అప్పజెప్పినట్టు చెప్పిందట.

ఆరో రోజు

ఆరో రోజు డైవ్ మొదలుపెట్టాను. దూరంగా పడబోయే బంతిని ముందుకు దూకి, నేల మీద పొట్ట, చేతులు పరిచి లేపడం అది. ఎంపికలో అది చూస్తారు. అది రానివాళ్ళను పక్కన పెడతారు.

ఆ గ్రౌండ్ అంతా మొరం. మా ప్రాంతపు ఎర్ర గరుకు మట్టి, అందులో శనగ గింజంత నుంచి రేగిపండంత దాకా రాళ్ళు. వానలకు మట్టి కొట్టుకుపోయి రాళ్ళు మాత్రం పళ్ళికిలించుకుని పైకి తేలి ఉన్నాయి. నేను రోజూ బూట్లు వేసుకుని వాటి మీదే తిరిగాను. కళ్ళకు కనపడలేదా అంటే కనపడ్డాయి. అవి గ్రౌండ్‌లో ఉండేవే కదా అనుకున్నాను.

రేణుక వంతు వచ్చింది. బంతి వేశాను. ఆ పిల్ల కదలలేదు.

"పడు," అన్నాను.

"పడను సార్."

"భయమా?"

"భయం గాదు సార్. నేల మంచిగ లేదు. గీ జాగల గొర్రె గూడ పండదు."

గొర్రె కూడా పడుకోని నేల అనేసరికి పిల్లలు ఫక్కున నవ్వారు. ఆ నవ్వు నా మీదే అనుకున్నాను. నలభై మంది ముందు పదిహేనేళ్ళ పిల్ల నాకు గ్రౌండ్ గురించి చెప్పడమా అనిపించింది. నాకు కోపం వస్తే సామెతలు వస్తాయి.

"ఆడలేక మద్దెల ఓడన్నదట ఎనకటికి ఒకామె. ఇక్కడ నేర్పేది గొర్రెలకు కాదు. పడితే ఉండు, లేకపోతే మీ మంద దగ్గరికి పో."

ఆ చివరి మాట ఆ పిల్లకు ఏమిటో నాకు తెలుసు. తెలిసే అన్నాను. ఇన్నేళ్ళయినా దీన్ని మెత్తబరిచి రాయడానికి మనసొప్పడం లేదు.

రేణుక నన్ను ఒకసారి చూసింది. వెనక్కి నడిచి నిలబడింది. బంతి వేశాను. దూకింది. పుస్తకంలో బొమ్మ గీసినట్టు దూకింది. బంతి నేలకు జానెడు ఎత్తులో ఉండగా అరచేయి కిందికి పెట్టి లేపింది. అది లేచి, షాట్‌కు బంతి ఎత్తిచ్చే లిఫ్టర్ నెత్తి మీదికి సరిగ్గా పోయింది. "శభాష్!" అని గట్టిగా అరిచాను. ఆ తర్వాత చూశాను, మోచేతి కింద తోలు బెత్తెడు పొడుగున చీలి ఉంది. అందులో ఎర్రమట్టి ఉంది.

నకిరేకల్ దవాఖానలో ఏడు కుట్లు వేశారు. పన్నెండు రోజులు ఆ చెయ్యి కదపొద్దన్నారు. కుట్లు వేస్తున్నంతసేపూ ఆ పిల్ల గోడ వైపు చూసింది, ఒక్కసారి కూడా నా వైపు తిరగలేదు. ముందు శభాష్ అని, తర్వాత రక్తం చూసిన మనిషిని నేను.

ముందు తాను పండి

మరునాడు సాయంత్రం మల్లేశాన్ని కలవడానికి బయల్దేరాను. జయశ్రీ కూడా వస్తానంది. బండి మీద వెనక కూర్చుని అడిగింది, "నువ్వు చెప్పబోయేది తప్పయిందనా, లేకుంటే గిట్ల అయితుంటదనా? ముందే తేల్చుకో అన్నా." నిజానికి ఆ రెండోదే నా నోట్లో తయారుగా ఉంది.

ఆయన మంద ఒక రైతు బీడు చేను దగ్గర ఉంది. ఎరువు కోసం రైతులు మందను తమ చేన్లలో పండబెట్టించుకుంటారు. పొద్దు ఇంకా గూకలేదు. గొర్రెలు గట్టు మీద ఆగి ఉన్నాయి. మల్లేశం చేను మధ్యలో వెల్లకిలా పడుకుని ఉన్నాడు. మమ్మల్ని చూసి కూడా లేవలేదు. కోపంగా ఉన్నాడు, లేవడు, న్యాయమే అనుకున్నాను. కాసేపటికి ఆయన పక్కకు దొర్లి, వీపు కింది నుంచి ఒక రాయి తీసి గట్టవతలకు విసిరాడు. లేచి నాలుగడుగులు నడిచి మళ్ళీ పడుకున్నాడు. ఇంకో రాయి తీశాడు. అప్పుడు అర్థమైంది నాకు, ఆయన పడుకోలేదు, పని చేస్తున్నాడు.

"ముందు నేను పంటా సారూ," అన్నాడు లేచి దుమ్ము దులుపుకుంటూ. "నాకు గుచ్చితే వాటికి గుచ్చుతది. అవి నోరు తెరిచి చెప్పయి గద."

తర్వాత నా కళ్ళల్లోకి చూసి అడిగాడు.

"నా బిడ్డ నోరు తెరిచి చెప్పిందట గద, నేల మంచిగ లేదని."

"చెప్పింది."

"ఇన్నవా?"

"ఇనలే మల్లేశం. తప్పయింది."

"ఆ నేల మీద నువ్వెప్పుడన్న పడ్డవా సారూ?"

మోచేతుల మచ్చలు ఊరంతా చూపించుకు తిరిగినవాణ్ణి. కానీ ఆ నేల మీద ఆరు రోజుల్లో ఒక్కసారి కూడా మోకాలు ఆనించలేదు. విజిల్ మెడలో వేసుకుని నిలబడే ఉన్నాను.

"లేదు," అన్నాను.

ఆయన అరవలేదు. అరిచి ఉంటే నాకు సులువుగా ఉండేది. "నేల జేస్తవా? జేస్తే నా బిడ్డ ఈడుంటది. ఎంపికకు నేనే తోల్కొస్త. చెయ్యకుంటే మాతోటి కదులుతది," అన్నాడు. చేస్తానన్నాను. తిరిగొస్తుంటే జయశ్రీ, "ఇప్పుడు నువ్వు పీడీవి అన్నా," అంది. ఇరవై నాలుగేళ్ళ సర్వీసు తర్వాత అందిన ఆ నియామకాన్ని తీసుకున్నాను.

తొమ్మిది రోజులు బంతి ముట్టలేదు

పొద్దున్నే పిల్లలు వచ్చేసరికి బంతుల సంచి బదులు పారలు, తట్టలు పెట్టాను. పైన బెత్తెడు మొరం గీకి పారెయ్యాలి, మెత్తటి మట్టి పొయ్యాలి, గట్టి పరచాలి. అది అయ్యేదాకా ఆట లేదని చెప్పాను. సాయంత్రానికి తల్లిదండ్రులు కొందరు వచ్చి నిలదీశారు.

"ఆట నేర్పుమని తోలితే మా పొల్లగాండ్లతోని మన్ను మోపిస్తున్నవా సారూ?"

"ఈ నేల మొన్న ఒక పిల్ల చెయ్యి చీల్చింది. పడకుండా ఈ ఆట రాదు. దీని మీద పడమని నేను ఇంకెవరికీ చెప్పను. ఇష్టం లేనివాళ్ళు తీసుకుపోవచ్చు."

పద్నాలుగు మందిని తీసుకుపోయారు. నేను ఆపలేదు. మిగిలిన పిల్లలు మర్నాడు తమ ఇళ్ళ నుంచే తట్టలు తెచ్చుకున్నారు.

ఆ ఏడు చెరువుల్లో పూడిక తీస్తున్నారు. ట్రాక్టర్లు నల్లటి మట్టిని చేలకు తోలుతున్నాయి. రైతులను బతిమాలి కొన్ని ట్రాలీలు మా వైపు తిప్పించుకున్నాను. అంత మెత్తటి మట్టి దొరికిందన్న సంబరంలో ఎవరినీ అడక్కుండా కోర్టు నిండా అదే పోయించి, తడిపించి, సాపు చేయించాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం కదా నేను. రెండు రోజుల ఎండకు అది అరచేయి పట్టేంత నెర్రెలు విచ్చింది.

ఆ రోజే మల్లేశం గ్రౌండ్‌కు వచ్చాడు, మెడకు చెయ్యి కట్టుకున్న రేణుకను వెంటబెట్టుకుని. నెర్రెలు చూసి ఆయన మొదటిసారి నవ్వాడు.

"కోర్టు జేస్తున్నవా, చెరువు జేస్తున్నవా సారూ? వట్టి చెరువు మన్ను పలుగుతది. ఇసుక కలుపాలె, వడ్ల పొట్టు కలుపాలె. కల్లం జేసుడు ఎన్నడు సూడలేదా?"

చూశాను. మోత్కూర్ దగ్గర మా ఊళ్ళో మా నాయిన ఏటా వడ్లు కొట్టడానికి కల్లం చేస్తుంటే చూస్తూనే పెరిగాను. నీళ్ళు చల్లడం, తొక్కించడం, పేడతో అలకడం అన్నీ తెలుసు. కాలేజీ మెట్లు ఎక్కాక ఆ తెలివి పనికిరాదనుకుని ఊళ్ళోనే వదిలేసి వచ్చాను.

మళ్ళీ అంతా తవ్వాం. ఇసుక, పొట్టు కలిపాం. నీళ్ళు పెట్టి ఒక పూట నానిచ్చాం. మర్నాడు పొద్దున మల్లేశం మందను కోర్టులోకి తోలాడు. మనిషి కాలు బలంగా పడితే మట్టి పక్కకు జరుగుతుంది, గొర్రె గిట్ట చిన్నది, నేరుగా కిందికి దిగి మట్టిని అణుస్తుంది అని చెప్పాడు. పిల్లలు నాలుగు వైపులా చేతులు చాచి నిలబడ్డారు. నూటికి పైగా జీవాలు కోర్టు చుట్టూ తిరుగుతూ తొక్కాయి. రేణుక ఒక్క చేత్తోనే అదిలిస్తూ, ఏ గొర్రె ఎటు తప్పించుకోబోతుందో ముందే చూసి పిల్లలకు కేకేసి చెప్పింది.

సరిగ్గా అప్పుడే మా ప్రిన్సిపాల్ ఫోన్ చేశారు.

"క్యాంపు అని చెప్పి గొర్రెలు తోలుతున్నారట, నిజమేనా?"

"నిజమే సార్. ఫుట్‌వర్క్ చేయిస్తున్నాను."

"నేల మంచిగా వస్తే మన కాలేజీలో కూడా చూద్దాం లెండి," అన్నారు. నేను ఎవరి కింద పనిచేశానో ఆ పెద్దల్లో కొందరు ఆయనకంటే ఎక్కువ చదువుకున్నారు, కానీ ఆ మాట అనగలిగినవాళ్ళు తక్కువ.

సగం ఆరాక రోలర్ లాగాం. పేడ కలిపిన నీళ్ళతో అలికాం. తొమ్మిదో రోజు సాయంత్రానికి కోర్టు కల్లంలా సాపుగా, చెయ్యి వేస్తే మెత్తగా తయారైంది. నేను విజిల్ నోట్లో పెట్టుకున్నాను. మల్లేశం ఆపాడు.

"పండు సారూ."

"నేనా?"

"మంద నీది గద. నేనెందుకు పంటా?"

పిల్లలందరి ముందు, విజిల్ మెడలో ఉండగానే, యాభై నాలుగేళ్ళ వయసులో కోర్టు మీద వెల్లకిలా పడుకున్నాను. పిల్లలు నవ్వారు. ఈసారి నాకు కోపం రాలేదు. నడుం కింద ఒకటి గుచ్చింది, తీసి పారేశాను. అట్లా ఒక చివరి నుంచి ఇంకో చివరి దాకా పడుకుంటూ లేస్తూ పోయాను. అంతా అయ్యాక చూస్తే రేణుక నా వైపే చూస్తున్నది. దవాఖాన తర్వాత అదే మొదటిసారి.

నోరు మూసుకోవడం

అంతా సుఖంగా ముగిసిందని అనుకోకండి. కుట్లు విప్పాక రేణుక కోర్టులోకి వచ్చింది, అన్నీ ఆడింది, డైవ్ మాత్రం చేయలేదు. అంతకుముందు ఆ పిల్లకు భయం లేదు. ఆ భయం నేను పెట్టినది. నేల బాగుచేయడానికి తొమ్మిది రోజులు పట్టింది కానీ ఇది ఎన్ని రోజుల్లో బాగవుతుందో తెలియదు. దూరంగా పడే బంతి వస్తే రేణుక రెండడుగులు పరుగెత్తి ఆగిపోయేది.

"పడకుంటే సీటు రాదన్నా. ఎరికే గద?" అంది జయశ్రీ.

"ఎరికే."

"చెప్పవా మరి?"

"చెప్పను. ఆమెకు కూడా ఎరికే."

ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నేను చేసిన అతి కష్టమైన పని ఆ పది రోజులు నోరు మూసుకోవడం. సామెతలు గొంతు దాకా వచ్చి ఆగిపోయేవి. ఆట అయిపోయి పిల్లలందరూ వెళ్ళాక రేణుక కోర్టు మధ్యలో బోర్లా పడుకుని కాసేపు అట్లాగే ఉండేది. చెంప నేలకు ఆనించి, కుట్లు పడ్డ చెయ్యి ముందుకు చాచి. నేను చూసీ చూడనట్టు నెట్ విప్పుకునేవాణ్ణి. క్యాంపు ముగిసే రోజుకు కూడా ఆ పిల్ల ఒక్కసారీ దూకలేదు.

కోర్టు మారుతం గద

ఎంపిక జరిగే గ్రౌండ్‌కు మేం పిల్లలను తీసుకుని గంట ముందే చేరాం. అక్కడా మొరమే. నేను మాట్లాడకముందే రేణుక మా ఆడపిల్లలను వరసలో కూర్చోబెట్టి రాళ్ళు ఏరించడం మొదలుపెట్టింది. మా వైపు అయ్యాక నెట్ కింది నుంచి అవతలి వైపు కూడా దూరింది.

"అటు ఎందుకమ్మా? అది వాళ్ళ వైపు," అన్నాను.

"సెట్ అయినంక కోర్టు మారుతం గద సార్. అయినా వాళ్ళు గూడ పడుతరు గద."

ఎంపిక చేసే పెద్దమనిషి ఒకాయన గడియారం చూసుకుంటూ వచ్చి, "ఆడడానికి వచ్చారా, ఊడవడానికి వచ్చారా?" అన్నాడు. రేణుక లేచి నిలబడి, దోసిలిలోని రాళ్ళు ఆయనకు చూపించి, "పడాలె గద సార్," అంది. ఆయన ఆ దోసిలిని చూశాడు, ఆ పిల్ల మోచేతిని చూశాడు. ఇంకో పది నిమిషాలు ఆగాడు.

ఆట మొదలైంది. మొదటి సెట్‌లో రేణుక సర్వీస్‌లన్నీ బాగానే అందుకుంది. కానీ దూరం బంతులు రెండు వదిలేసింది. ఎంపిక చేసేవాళ్ళు కాగితాల మీద ఏదో రాసుకున్నారు. గ్రౌండ్ గోడ పక్కన మల్లేశం గొంతుక్కూర్చుని ఉన్నాడు. మందను భార్యకు అప్పజెప్పి వచ్చాడు. మరునాడే మంద కదలాలి.

రెండో సెట్ మధ్యలో అవతలి పిల్ల గట్టిగా కొట్టేటట్టు చెయ్యి లేపి, చివర్లో మెల్లగా నెట్ మీదుగా జారవిడిచింది. మా పిల్లలందరూ వెనక ఉన్నారు. రేణుక ఒక్కతే ఆ భుజం చూసి ముందుకు కదిలింది. రెండడుగులు పరుగెత్తింది. మూడో అడుగులో ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. గాలిలోకి లేచి, రెండు చేతులు చాచి, ఆ కుట్ల చెయ్యి మీదే నేలకు దిగింది. బంతి లేచింది. లిఫ్టర్ అందుకుంది, ఇంకో పిల్ల కొట్టింది, పాయింట్ వచ్చింది.

చుట్టూ అందరూ అరిచారు. నేను అరవలేదు. లైను దాకా పరుగెత్తాను. రేణుక లేచి, మోచెయ్యి తిప్పి నాకు చూపించింది. దుమ్ము తప్ప ఏమీ లేదు. అప్పుడన్నాను శభాష్ అని.

జాబితాలో రేణుక పేరు చిట్టచివర ఉంది. చివర ఉంటేనేం. మర్నాడు మంద కదిలినప్పుడు ఆ పిల్ల వెంట పోలేదు.

శాలువా

నేను రిటైరై కొన్నేళ్ళయింది. రేణుక ఇంటర్, డిగ్రీ, ఆ తర్వాత ఆటల టీచరు కోర్సు చదివింది. ఇప్పుడు పాలమూరు వైపు ఒక ఆడపిల్లల గురుకులంలో పీఈటీ. మొన్న ఎండాకాలంలో, 'వాలీబాల్ క్యాంపు పెడుతున్నాను, మీరే ప్రారంభించాలి సార్' అని ఫోన్ చేసింది. వెళ్ళాను. కుర్చీలు వేశారు. హెడ్‌మిస్ట్రెస్ మాట్లాడింది, నాకు శాలువా కప్పారు. అరవై మంది పిల్లలు కోర్టు చుట్టూ నిలబడి ఉన్నారు. కోర్టు అలికి ఉంది. రేణుక విజిల్ తెచ్చి నా చేతిలో పెట్టి, "ఊదుండ్రి సార్," అంది.

ఊదలేదు. చెప్పులు విప్పి కోర్టు మధ్యకు నడిచాను. మోకాలు పట్టుకుని మెల్లగా కూర్చున్నాను. శాలువాతోనే వెల్లకిలా పడుకున్నాను.

"అయ్యో, సార్‌కు ఏమైంది! నీళ్ళు తీసుకురండి!" అని హెడ్‌మిస్ట్రెస్ లేచి పరుగెత్తుకొచ్చింది. రేణుక ఆమెను చెయ్యి అడ్డుపెట్టి ఆపింది. నా దగ్గరికి వచ్చి నిలబడి మెల్లగా అడిగింది.

"గుచ్చుతాందా సార్?"

ఎడమ భుజం కింద చిన్నది ఒకటి తగులుతోంది. కుర్చీల్లో పెద్దలు ఉన్నారు, ఫోటోలు తీసేవాళ్ళు సిద్ధంగా ఉన్నారు, పిల్లలు బంతి కోసం ఉవ్విళ్ళూరుతున్నారు. లేదని చెప్పి లేస్తే ఎవరికీ తెలియదు.

"గుచ్చుతాంది," అన్నాను.

రేణుక నా చేతిలోంచి విజిల్ తీసుకుంది. పిల్లల వైపు తిరిగి, చొక్కా చేతులు రెండూ పైకి మడుచుకుంది. మోచేతి కింద ఆ ఏడు కుట్ల గీత ఇంకా ఉంది.

"ఇయ్యాల ఆట లేదు," అంది. "ఏరుండ్రి."